విండోస్ 11లో సొంత మెనూ: ముందు ఫోల్డర్, తర్వాతే లాంచర్

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. విండోస్ 10లో టాస్క్‌బార్ మీద ఒక ఫోల్డర్‌ని టూల్‌బార్‌గా పెట్టుకున్నారు. పక్కనున్న చిన్న బాణం నొక్కితే మీ ప్రోగ్రాములూ ఫోల్డర్లూ మెనూలా తెరుచుకునేవి. విండోస్ 11కి మారాక ఆ సదుపాయం లేదు. స్టార్ట్ మెనూలో ఒక్కొక్కటీ పిన్ చేస్తూ పోతే అంతా కలగాపులగమైంది. మీకు నచ్చిన గుంపులుగా విడగొట్టుకుని, మౌస్‌తోనే తెరుచుకునే ఉచిత లాంచర్ (ప్రోగ్రాముల్నీ ఫోల్డర్లనీ తెరిచిపెట్టే చిన్న సాఫ్ట్‌వేర్) కావాలి. ఫోల్డర్లూ ప్రోగ్రాములూ ఒకేచోట ఉండాలి.

తొందరలో ఉంటే సమాధానం ఇదే: సిస్టమ్‌ట్రేమెనూ పెట్టుకోండి. ఫైలు సేవ్ చేసేటప్పుడు సరైన ఫోల్డర్‌కి వెళ్లడమే మీకు పెద్ద తలనొప్పి అయితే క్విక్ యాక్సెస్ పాపప్ పెట్టుకోండి. రెండూ డబ్బు కట్టకుండానే వాడుకోవచ్చు.

కానీ ఏదీ డౌన్‌లోడ్ చేయకముందే ఒక పని చేయమంటాను. మీ మెనూని ఏ సాఫ్ట్‌వేర్ లోపలో కాకుండా, హార్డ్ డిస్క్ మీద ఒక మామూలు ఫోల్డర్‌లో కట్టుకోండి. లాంచర్‌ని ఆ ఫోల్డర్‌ని చూపించే అద్దంగా మాత్రమే వాడండి.

ఎందుకంటే లాంచర్లకి ఆయుష్షు తక్కువ. ఒకప్పుడు అందరూ వాడిన రాకెట్‌డాక్ 2008 దగ్గర ఆగిపోయింది. లాంచీ 2010లో వచ్చిన 2.5 దగ్గర నిలిచింది. క్లాసిక్ షెల్ అభివృద్ధి 2017 డిసెంబరులో ఆపేస్తున్నట్టు దాని రచయితే ప్రకటించారు (తర్వాత దాన్ని వేరేవాళ్లు ఓపెన్‌షెల్ పేరుతో కొనసాగిస్తున్నారు). మైక్రోసాఫ్ట్ సంగతి చెప్పక్కర్లేదు. 2012లో విండోస్ 8తో స్టార్ట్ మెనూనే ఎత్తేసింది, 2015లో తిరిగి తెచ్చింది, 2021లో విండోస్ 11తో మీ టూల్‌బార్‌ని తీసేసింది. ఈ టూల్‌బార్లు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4 రోజుల నుంచీ ఉన్నవే. అంత పాత సదుపాయమే పోయినప్పుడు, నిన్నగాక మొన్న వచ్చిన ఉచిత లాంచర్ పదేళ్లు ఉంటుందని నమ్మి అందులో వందల ఎంట్రీలు చేత్తో నింపడం నాకైతే తెలివైన పని అనిపించదు. అది పోయిన రోజు మళ్లీ మొదటికే రావాలి.

మీ టూల్‌బార్ పోయినా, అది చూపించిన ఫోల్డర్ పోలేదని గమనించారా? అప్‌గ్రేడ్ చేశారే తప్ప డిస్క్ ఫార్మాట్ చేయలేదు కాబట్టి అది ఎక్కడ పెట్టారో అక్కడే ఉంటుంది. ముందు దాన్ని వెతకండి. దొరికితే సగం పని అయిపోయినట్టే. అసలు విండోస్ 95 నుంచీ స్టార్ట్ మెనూలోని ప్రోగ్రాముల జాబితా కూడా షార్ట్‌కట్‌లతో నిండిన ఫోల్డరే. ఇప్పటికీ చాలావరకు అంతే.

ఇక కట్టడం. డాక్యుమెంట్స్‌లోనో, డి డ్రైవ్ ఉంటే అందులోనో "మెనూ" అని ఒక ఫోల్డర్ చేయండి. డెస్క్‌టాప్ మీద మాత్రం వద్దు, అక్కడ పెడితే నాలుగు రోజుల్లో అడ్డమైనవన్నీ దాన్లోకి చేరతాయి. లోపల గుంపులకి సబ్‌ఫోల్డర్లు. వాటికి పేరు పెట్టేటప్పుడు ముందు రెండంకెల సంఖ్య వేయండి: "01 రోజూ", "02 లెక్కలు", "03 ఫోటోలు", "04 ప్రాజెక్టులు", చివర "90 అప్పుడప్పుడు". ఒక అంకె వేస్తే చాలదా అంటే, కొన్ని లాంచర్లు పేర్లని అక్షరాల్లా పోల్చి వరుస పెడతాయి. అప్పుడు 10 వచ్చి 2 కంటే ముందు కూర్చుంటుంది. మధ్యలో ఖాళీ సంఖ్యలు వదిలితే రేపు కొత్త గుంపు వచ్చినప్పుడు అన్నిటికీ పేర్లు మార్చే బాధ ఉండదు.

గుంపులు ఎలా విడగొట్టాలన్నది మీ ఇష్టమే గానీ, కంపెనీ పేర్లతో మాత్రం విడగొట్టొద్దు. స్టార్ట్ మెనూ గజిబిజి అవడానికి అసలు కారణం అదే. ఫలానా కంపెనీ ఫోల్డర్, దాని లోపల ప్రోగ్రాము, పక్కనే అన్‌ఇన్‌స్టాల్, రీడ్‌మీ, వెబ్‌సైట్ లింకు. పని వచ్చినప్పుడు మనకి గుర్తొచ్చేది కంపెనీ కాదు, పని. "పీడీఎఫ్ విడగొట్టడం", "స్కాన్ చేయడం", "వీడియో కత్తిరించడం" అని షార్ట్‌కట్‌కి పేరు పెట్టండి. షార్ట్‌కట్ పేరు ఎంత మార్చినా ప్రోగ్రాముకి ఏమీ కాదు. తెలుగులో పెట్టినా ఇబ్బంది లేదు. మౌస్‌తో వాడే మెనూకి అది హాయిగా ఉంటుంది. టైప్ చేసి వెతికే లాంచర్ వాడాలనుకుంటే మాత్రం తెలుగు పేర్లు వద్దు, ప్రతిసారీ కీబోర్డు భాష మార్చుకోవాల్సి వస్తుంది.

షార్ట్‌కట్‌లు చేయడానికి మౌస్ కుడి బటన్ నొక్కిపట్టి లాగడమే అన్నిటికంటే సులువు. ఒక పక్క మీ "మెనూ" ఫోల్డర్, ఇంకో పక్క అసలు ఫోల్డర్ తెరుచుకోండి. కావలసినదాన్ని కుడి బటన్‌తో పట్టుకుని ఇటు వదిలితే చిన్న మెనూ వస్తుంది, అందులో ఇక్కడ షార్ట్‌కట్ చేయమనే వరుస ఎంచుకోండి. ఎడమ బటన్‌తో లాగేవాళ్లు ఆల్ట్ కీ నొక్కి ఉంచి లాగినా షార్ట్‌కట్టే వస్తుంది. ఒకే డ్రైవ్‌లో ఏ కీ నొక్కకుండా లాగితే మాత్రం అసలు ఫోల్డరే కదిలిపోతుంది, జాగ్రత్త.

ప్రోగ్రాముల విషయంలో ఒక చిక్కుంది. మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వచ్చిన యాప్‌లకి ఎక్కడా మామూలు షార్ట్‌కట్ కనపడదు. అవి ఉండే ఫోల్డర్‌లోకి విండోస్ మనల్ని పోనివ్వదు, పోనిచ్చినా ఆ ఫోల్డర్ పేరులో వెర్షన్ నంబరు ఉంటుంది కాబట్టి ప్రతి అప్‌డేట్‌కీ మారిపోతుంది. దీనికో దారి ఉంది. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన రన్ బాక్సులో ఇంగ్లీషులో షెల్, కోలన్ గుర్తు, యాప్స్‌ఫోల్డర్ అని మధ్యలో ఖాళీలు లేకుండా టైప్ చేసి ఎంటర్ కొట్టండి. కంప్యూటర్లో ఉన్న ప్రోగ్రాములన్నీ, స్టోర్ యాప్‌లతో సహా, ఒకే కిటికీలో వరుసగా కనిపిస్తాయి. అక్కడి నుంచి లాగి మీ ఫోల్డర్‌లో వేసుకుంటే అప్‌డేట్లు వచ్చినా చెడని షార్ట్‌కట్ వస్తుంది. ఈ కిటికీ గురించి తెలియక స్టోర్ యాప్‌లని వదిలేసినవాళ్లు చాలామంది ఉన్నారు.

లోతు రెండు మెట్లకి మించనివ్వకండి. మెనూ, గుంపు, వస్తువు. అంతే. మూడో మెట్టు వచ్చిందంటే మౌస్ కాస్త పక్కకి జారగానే మెనూ మొత్తం మూసుకుపోతుంది, మళ్లీ మొదటినుంచి. ఒక గుంపులో ఇరవై దాటితే దాన్ని రెండు చేయండి, కిందికి ఇంకో మెట్టు మాత్రం దింపకండి.

ఇప్పుడు లాంచర్. సిస్టమ్‌ట్రేమెనూ ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ అందరూ చూడొచ్చు. మొదటిసారి తెరిచినప్పుడు ఏ ఫోల్డర్ చూపించాలో అడుగుతుంది, మీ "మెనూ" ఫోల్డర్ చూపించండి. గడియారం పక్కన చిన్న ఐకాన్ వస్తుంది. నొక్కితే గుంపులు, గుంపు మీద మౌస్ పెడితే దాని లోపలివి పక్కకి తెరుచుకుంటాయి. మీరు పోగొట్టుకున్న టూల్‌బార్ అనుభవానికి దగ్గరగా ఉండేది ఇదే. అదనంగా, మెనూ తెరిచి ఉన్నప్పుడు రెండు అక్షరాలు కొడితే ఆ పేరున్నవే మిగులుతాయి. ఐకాన్ కనపడకపోతే కంగారు పడకండి. విండోస్ 11 కొత్త ట్రే ఐకాన్లని పైకి చూపే బాణం గుర్తు వెనక దాచేస్తుంది. ఆ బాణం నొక్కి, ఐకాన్‌ని పట్టుకుని కిందికి టాస్క్‌బార్ మీదికి లాగండి. సెట్టింగ్స్‌లో కంప్యూటర్‌తో పాటే మొదలయ్యేలా పెట్టుకోవడం మరవొద్దు.

క్విక్ యాక్సెస్ పాపప్ తరహా వేరు. దానికి టాస్క్‌బార్ దాకా పోనక్కర్లేదు, స్క్రీన్ మీద ఎక్కడున్నా మౌస్ మధ్య చక్రాన్ని నొక్కితే అక్కడికక్కడే మెనూ విచ్చుకుంటుంది. దీని అసలు గొప్ప వేరే ఉంది. ఏ ప్రోగ్రాములోనైనా ఓపెన్ బాక్సో సేవ్ బాక్సో తెరిచి ఉన్నప్పుడు మెనూలో ఒక ఫోల్డర్ ఎంచుకుంటే, కొత్త కిటికీ తెరవదు. ఆ బాక్సే ఆ ఫోల్డర్‌కి మారిపోతుంది. రోజుకి యాభై ఫైళ్లు వేరువేరు ప్రాజెక్టు ఫోల్డర్లలో సేవ్ చేసేవాళ్లకి ఈ ఒక్క సదుపాయం కోసమైనా ఇది పెట్టుకోవాల్సిందే. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ కిటికీ అప్పటికే తెరిచి ఉంటే దాన్ని కూడా అలాగే కొత్త ఫోల్డర్‌కి తిప్పగలదు. దీని జాబితా మామూలుగా దాని సొంత సెట్టింగ్స్ ఫైలులో ఉంటుంది. అంటే నేను పైన వద్దన్న పద్ధతే. కానీ ఒక ఫోల్డర్‌ని లైవ్ ఫోల్డర్‌గా చేర్చితే దాని లోపలివన్నీ ఎప్పటికప్పుడు మెనూలోకి వస్తాయి. మీ "మెనూ" ఫోల్డర్‌ని అలా చేర్చేయండి, జాబితా మీ చేతిలోనే ఉంటుంది. కీబోర్డులో దీని డీఫాల్ట్ విండోస్ కీ, డబ్ల్యూ. విండోస్ 11లో అదే జత విడ్జెట్లు తెరుస్తుంది, కాబట్టి రెండిట్లో ఒకటి మార్చుకోవాలి. ఒక హెచ్చరిక కూడా: బ్రౌజర్లో మధ్య చక్రంతో లింకులు కొత్త ట్యాబ్‌లో తెరిచే అలవాటు ఉంటే ఈ మెనూ అడ్డు తగలొచ్చు. ఏయే ప్రోగ్రాముల్లో మౌస్‌కి స్పందించకూడదో సెట్టింగ్స్‌లో చెప్పుకోవచ్చు.

ఓపెన్‌షెల్ గురించి కూడా అడుగుతారు. అది స్టార్ట్ మెనూనే పాత తరహాలోకి మారుస్తుంది. బాగుంటుంది. అయితే విండోస్ లోపలి భాగాల్లో వేలు పెట్టే ఏ సాఫ్ట్‌వేర్ అయినా పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా తడబడే ప్రమాదం ఉంది. ఒక మెనూ కోసం అంత దూరం వెళ్లక్కర్లేదని నా అభిప్రాయం. ఆఫీసు కంప్యూటర్ అయితే అసలే వద్దు.

మీరు మౌస్ అన్నారు గానీ, టైప్ చేసే లాంచర్ల మాట కూడా ఒక్కటి చెప్పాలి. ఫ్లో లాంచర్, మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్‌టాయ్స్‌లో ఉండే రన్, దాని తర్వాత 2025లో వచ్చిన కమాండ్ ప్యాలెట్ ఇవన్నీ ఒకే తరహా. రెండు కీలు కలిపి నొక్కితే మధ్యలో ఒక పెట్టె, అందులో పేరు మొదలుపెడితే ప్రోగ్రాము వచ్చేస్తుంది. ఫైళ్ల కోసం ఎవ్రీథింగ్ అనే ప్రోగ్రాము ఉంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్కుల మామూలు ఫార్మాట్) డ్రైవ్ తనకోసం రాసుకునే ఫైళ్ల పట్టికనే నేరుగా చదువుతుంది కాబట్టి లక్షల ఫైళ్లలోనైనా అక్షరం కొట్టేలోపు జవాబు చూపిస్తుంది. ఫ్లో లాంచర్ దాన్ని లోపల వాడుకోగలదు కూడా. వీటి వేగానికి మెనూలు సాటిరావు, ఒప్పుకోవాలి.

అయినా ఇవి మెనూకి బదులు కావు. పేరు గుర్తున్నదాన్ని తెరవడానికి టైపింగ్ బాగుంటుంది. ఆరు నెలలకోసారి వాడే ఆ చిన్న టూలు పేరేమిటో మర్చిపోయినప్పుడు ఏం టైప్ చేస్తారు? అప్పుడు కళ్లతో చూసి పట్టుకోవాలి, అందుకే "90 అప్పుడప్పుడు" అనే గుంపు. నేను రెండూ వాడతాను. రోజూ తెరిచే పదీ పన్నెండూ టైపింగ్‌తో, మిగతావి మెనూతో. మీరు ముందు మెనూ కుదురుకోనివ్వండి, టైపింగ్ లాంచర్ కావాలో వద్దో మీకే తెలుస్తుంది.

కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టే వీలే లేని కంప్యూటర్ అయితే విండోస్‌లో ఉన్నవాటితో కొంత లాక్కురావచ్చు. "మెనూ" ఫోల్డర్‌ని ఎక్స్‌ప్లోరర్‌లో ఎడమ పక్కనుండే క్విక్ యాక్సెస్ జాబితాకి పిన్ చేస్తే, టాస్క్‌బార్ మీద ఎక్స్‌ప్లోరర్ ఐకాన్‌ని కుడి క్లిక్ చేసినప్పుడు పైకి వచ్చే జాబితాలో అది ఉంటుంది. రెండు క్లిక్కుల్లో ఫోల్డర్ తెరుచుకుంటుంది. పక్కకి విచ్చుకునే మెనూ కాదు గానీ పని జరుగుతుంది. టాస్క్‌బార్ మీద మొదటి తొమ్మిదింటికి విండోస్ కీతో పాటు 1 నుంచి 9 వరకు అంకెలు ఎలాగూ పనిచేస్తాయి. విండోస్ 11 స్టార్ట్ మెనూకి ఈమధ్య యాప్‌లని వర్గాలుగా చూపే ఏర్పాటు వచ్చింది, కానీ ఆ విభజన విండోస్ చేసేది, మీరు చేసేది కాదు. పైగా అందులో మీ ఫోల్డర్లకి చోటు లేదు.

పెన్ డ్రైవ్‌లో ప్రోగ్రాములు పెట్టుకుని కంప్యూటర్లు మారేవాళ్లకి పోర్టబుల్‌యాప్స్ ప్లాట్‌ఫామ్ ఉంది, దాని మెనూలోనే గుంపులు చేసుకోవచ్చు. మ్యాక్ వాడేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మీకు ఏ లాంచరూ అక్కర్లేదు. ఫోల్డర్‌ని డాక్ మీద గీతకి కుడివైపు లాగి, కుడి క్లిక్ చేసి జాబితాగా చూపమంటే సబ్‌ఫోల్డర్లతో సహా మెనూలా తెరుచుకుంటుంది. 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టాహోలో లాంచ్‌ప్యాడ్ తీసేశారని బాధపడుతున్నవాళ్లకి కూడా ఇదే నా సలహా. లినక్స్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ వాడితే ప్యానెల్‌కి డైరెక్టరీ మెనూ ప్లగిన్ చేర్చుకోండి, అదే పని చేస్తుంది.

డౌన్‌లోడ్ విషయంలో మాత్రం కాస్త గట్టిగా చెప్తాను. లాంచర్ పేరు వెతికితే మొదట వచ్చే డౌన్‌లోడ్ సైట్ల నుంచి దించుకోకండి. తయారుచేసినవాళ్ల సొంత పేజీ, లేదా గిట్‌హబ్ (ప్రోగ్రాముల కోడ్ పెట్టే సైట్), లేదా మైక్రోసాఫ్ట్ స్టోర్. 2016 ఆగస్టులో, పేరున్న డౌన్‌లోడ్ సైట్ ఒకదానిలోకి హ్యాకర్లు చొరబడి క్లాసిక్ షెల్ ఇన్‌స్టాలర్ స్థానంలో నకిలీది పెట్టారు. అది నడిపినవాళ్ల డిస్క్‌లో బూట్ రికార్డు చెరిగిపోయి కంప్యూటర్ మళ్లీ పైకి లేవలేదు. కొన్ని గంటల్లోనే పట్టేసి తీసేశారు, ఆలోపు జరగాల్సింది జరిగింది. అసలు ఇన్‌స్టాలర్‌కి డిజిటల్ సంతకం ఉంది, నకిలీదానికి లేదు. అంటే విండోస్ అనుమతి అడిగే బాక్సులో తయారీదారు ఎవరో తెలియదని చూపించింది. ఆ ఒక్క లైను చదివి ఆగినవాళ్లు బతికిపోయారు. చిన్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములకి సంతకం ఉండకపోవడం మామూలే కాబట్టి, అలాంటప్పుడు ఎక్కడి నుంచి దించుకున్నామన్నదే మనకున్న రక్షణ.

వాడకంలో ఎదురయ్యే ఇబ్బందులు రెండు మూడే. మెనూ నొక్కితే ఐదారు సెకన్లు బిగుసుకుపోతోందంటే, లోపల ఏదో షార్ట్‌కట్ ఇప్పుడు అందుబాటులో లేని నెట్‌వర్క్ డ్రైవ్‌నో, తీసేసిన ఎక్స్‌టర్నల్ డిస్క్‌నో చూపిస్తోందని అర్థం. ఐకాన్ తెద్దామని లాంచర్ ఆ చోటు తలుపు తట్టి జవాబు కోసం ఎదురుచూస్తోంది. అలాంటివాటిని విడిగా ఒక గుంపులో పెట్టండి, ఆ గుంపు తెరిచినప్పుడే ఆలస్యం ఉంటుంది. ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి ప్రతిసారీ వేరే అక్షరం వస్తోంటే డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఆల్ఫాబెట్‌లో చివరి అక్షరాల్లో ఒకటి, ఎక్స్ లాంటిది, ఖాయం చేయండి.

ఇంకోటి, ఫోల్డర్‌కి చేసిన షార్ట్‌కట్. దాన్ని కొన్ని లాంచర్లు సబ్‌మెనూగా విప్పి చూపిస్తాయి, కొన్ని నేరుగా ఎక్స్‌ప్లోరర్‌లో తెరుస్తాయి. మీకు విప్పి చూపించడమే కావాలి, లాంచర్ ఒప్పుకోవడం లేదు అంటే షార్ట్‌కట్ బదులు జంక్షన్ చేయండి. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎంకేలింక్ ఆదేశానికి జే ఆప్షన్ ఇస్తే వస్తుంది. జంక్షన్ ఏ ప్రోగ్రాముకైనా నిజమైన ఫోల్డర్‌లాగే కనిపిస్తుంది. ఆ కారణంగానే కొన్ని బ్యాకప్ ప్రోగ్రాములు దాని వెంట వెళ్లి అదే డేటాని రెండోసారి కాపీ చేస్తాయి, కాబట్టి బ్యాకప్ జాబితాలోంచి "మెనూ" ఫోల్డర్‌లోని జంక్షన్లని మినహాయించండి. ఒకటి రెంటికి ఫర్వాలేదు, అన్నిటికీ జంక్షన్లు చేస్తూ కూర్చోవద్దు.

కొత్త కంప్యూటర్‌కి మారినప్పుడు "మెనూ" ఫోల్డర్ కాపీ చేసుకుంటే చాలావరకు అలాగే పనిచేస్తుంది. తెగిపోయేవి ఎక్కువగా మీ డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ వైపు చూపించేవి, ఎందుకంటే ఆ దారిలో యూజర్ పేరు ఉంటుంది, కొత్తదాంట్లో ఆ పేరు వేరేగా ఉండొచ్చు. అలాంటి షార్ట్‌కట్‌ల ప్రాపర్టీస్ తెరిచి, టార్గెట్ గడిలో డ్రైవ్ అక్షరం నుంచి మీ యూజర్ పేరు వరకు ఉన్న ముక్క చెరిపి, ఆ స్థానంలో ఇంగ్లీషులో యూజర్‌ప్రొఫైల్ అని ఒకే పదంగా, ముందూ వెనకా శాతం గుర్తులతో రాయండి. ఏ కంప్యూటర్‌లో పెట్టినా అక్కడి యూజర్ ఫోల్డర్‌నే వెతుక్కుంటుంది. ప్రోగ్రాముల షార్ట్‌కట్‌లలో పనిచేయనివి ఏవైనా ఉంటే చాలావరకు ఆ ప్రోగ్రాము కొత్తదాంట్లో ఇంకా ఇన్‌స్టాల్ కాలేదన్నమాట. ఏమేం పెట్టుకోవాలో చెప్పే జాబితాగా కూడా ఆ ఫోల్డరే పనికొస్తుంది.